నాడి చూసిన చెయ్యి

పోయిన నెల క్లినిక్‌కి వెళ్తే ఒక చిన్న నర్సు నా వేలికి క్లిప్పు తగిలించి, తన ఫోను చూసుకుంటూ నిలబడింది. క్లిప్పు మీద ఎర్ర అంకెలు వెలిగాయి. "హో గయా అంకుల్" అని తీసేసింది. అంతే. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. సిస్టర్ గారు పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆ క్లిప్పు చూడగానే ఆవిడ గుర్తొచ్చింది. ఏడుద్దామనుకున్నాను గానీ నాకు డెబ్భై రెండేళ్లు, ఏడవడానికైనా కాస్త ఓపిక కావాలి కదా. బయటికొచ్చి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లు రాయపూర్‌లో ఎవరూ లేరు కూడా. తెలుగువాళ్లకి సిస్టర్ గారు, హిందీవాళ్లకి సిస్టర్ జీ. ముప్ఫై ఏళ్లు ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసి, రిటైరయ్యాక మా తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరుగుతూ ఇంజెక్షన్లు ఇచ్చేది, కట్లు కట్టేది. మా క్రైస్తవ సంఘంలో ఒకరినొకరు "వందనాలు" అని చేతులు జోడించి పలకరించుకుంటాం. ఈవిడ మన జోడించిన చేతుల్ని విడదీసి, కుడి చెయ్యి పట్టుకుని, మూడు వేళ్లు మణికట్టు మీద వేసేది. ఇంటి సంగతులు, పిల్లల సంగతులు అడుగుతూనే ఉండేది, కళ్లు మాత్రం తన వాచీ మీద ఉండేవి. చూడటం ఐపోయాక చెయ్యి వదిలేసి, మనం చెబుతున్న మాట మధ్యలోనే తగులుకునేది.

"ఏటండీ సెక్రటరీ గారూ, మళ్లీ ఎవరితోనో దెబ్బలాడి వచ్చేరా? గుండె పరిగెడుతోంది."

ఆ మాట నిజమే. నేను పాతికేళ్లు ఆ సంఘానికి సెక్రటరీని. జీతం లేదు, పాడూ లేదు, చివాట్లు మాత్రం అన్నీ నాకే. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కదా, రాత పని వచ్చునని నా నెత్తిన పెట్టారు. మాకు సొంత మందిరం లేదు. హిందీ సంఘంవాళ్ల హాలు, వాళ్ల ఆరాధన పొద్దున్న ఐపోయాక, మధ్యాహ్నం నాలుగింటికి మాకిస్తారు. రాయపూర్ ఎండల్లో, మే నెలలో, రేకుల కప్పు కింద నాలుగింటి ఆరాధన ఎలా ఉంటుందో ఎవరికి వాళ్లే ఊహించుకోవాలి. అందులో మగవాళ్లకి కుర్చీలు చాల్లేదని గొడవ, ఆడవాళ్లకి ఫ్యాను తగల్లేదని గొడవ. ఇవన్నీ తీర్చి, జంపఖానాలు మడతపెట్టించి ఇంటికొచ్చేసరికి నాకు దేవుడి మీద కూడా విసుగొచ్చేది. తప్పే, కానీ వచ్చేది.

సిస్టర్ గారి మీద నాకొక చిరాకు ఉండేది, ముందే చెప్పేస్తాను. సంఘంలో ఎవరు పోయినా ఆదరణ కూడిక పెడతాం. రెండు కీర్తనలు పాడతాం, అయ్యగారు వాక్యం చెప్తారు. మా పాస్టర్లని అయ్యగారనే పిలుస్తాం. నా కాలంలో నలుగురు అయ్యగార్లు మారారు గానీ, వాక్యం ఎక్కణ్ణుంచి బయలుదేరినా చివరికి ఒకచోటికే వచ్చి ఆగేది. ఊపిరి ఉండగానే రక్షణ, ఊపిరి పోయాక తలుపు మూసుకున్నట్టే, ఇక అవతల మారుమనస్సు లేదు, బతిమాలుకోవడం లేదు, కనుక ఈ రోజే నిర్ణయించుకోండి అని. సరిగ్గా ఈ మాట మొదలయ్యేసరికి సిస్టర్ గారు లేచేది. "చాయ్ చూసొస్తాను" అని వంగి వంగి, అందర్నీ దాటుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ప్రతి కూడికలోనూ ఇంతే. వాక్యం అక్కడ పట్టు మీదికి వస్తూంటే ఈవిడ లేచి వెళ్లడంతో నలుగురి చూపూ అటు తిరిగేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ చాయ్ ఎవరైనా పెడతారు కదమ్మా. వాక్యం మధ్యలో లేవడం బాగుంటుందా?"

"పాలు పొంగిపోతాయండి" అంది. పాలు ఇంకా పొయ్యెక్కలేదు, నాకు కనబడుతూనే ఉంది.

వాళ్లాయన సంగతి కూడా చెప్పాలి. ఆయన మాలో వాడు కాదు. పలాస అవతల ఒక పల్లెటూరు. రాయపూర్ శివారు భన్‌పురిలో ఇనుము సాగదీసే మిల్లులో క్రేను నడిపేవాడు. చెయ్యి కాలి నర్సింగ్ హోమ్‌కి వెళ్లి, కట్టు కట్టిన నర్సునే పెళ్లి చేసుకున్నాడు. అటువాళ్లూ ఇటువాళ్లూ కొన్నాళ్లు మొహాలు మాడ్చుకుని, తరవాత ఊరుకున్నారు. పిల్లలు లేరు. ప్రతి ఆదివారం భన్‌పురి నుంచి స్కూటరు మీద ఆవిణ్ణి హాలు దగ్గర దింపి, నీడన బండి పెట్టి, వరండా మెట్ల మీద హిందీ పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. లోపలికి రాడు. కానీ బల్లలు మొయ్యాలన్నా, కరెంటు పోతే జనరేటరు తిప్పాలన్నా నాకు మొదట దొరికే మనిషి ఆయనే. లోపల మా వాళ్లు కీర్తన శ్రుతి తప్పి పాడుతుంటే ఆయన బయట సరైన వరసలో కూనిరాగం తీసేవాడు.

సంఘం పెద్దలు ఊరుకుంటారా? "బాప్తిస్మం ఎప్పుడండీ?" అని కనబడినప్పుడల్లా అడిగేవారు. "వచ్చే ఈస్టరుకి చూద్దాం లెండి" అనేవాడు నవ్వుతూ. అలా పద్నాలుగు ఈస్టర్లు గడిచాయి. నాతో మాత్రం ఒకసారి ఉన్నమాట చెప్పాడు. "నాకేం అభ్యంతరం లేదండీ సెక్రటరీ గారూ. మా అమ్మ ఉంది కదా. ఆవిడ ఉన్నన్నాళ్లూ వద్దు. ముసల్ది తట్టుకోలేదు. ఆవిడ వెళ్లిపోయాక, మీరు అడగక్కర్లేదు, నేనే వస్తాను."

తల్లి కంటే ముందు ఆయన పోయాడు.

రాయపూర్ రాజధానిగా రాష్ట్రం కొత్తగా ఏర్పడి, ఊరంతా రోడ్లు తవ్వి పోసిన రోజులవి. పొద్దున్న పదింటికి ఇంట్లో గుండె నొప్పి అన్నాడట. ఆవిడ ఆటో పిలిచి ఎక్కించింది. భన్‌పురి దగ్గర ట్రక్కుల జామ్‌లో ఆటో ఇరుక్కుంది. ఆస్పత్రికి చేరేసరికి మనిషి లేడు. కబురు తెలిసి మేం వెళ్లేసరికి సిస్టర్ గారు ఇంటి ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లన్నీ తడిసి ఉన్నాయి.

"ఆయనకి బాప్తిస్మం ఇచ్చేనండి. ఆటోలో. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో మూడుసార్లు నీళ్లు పోసేను" అంది మా అయ్యగారితో.

మా సంఘంలో ఆ పద్ధతి ఉంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అయ్యగారు అందుబాటులో లేకపోతే, విశ్వాసి ఎవరైనా నీళ్లు పోసి బాప్తిస్మం ఇవ్వొచ్చు. తరవాత సంఘానికి చెప్పాలి. పెద్దలు విచారించి సరేనంటే నేను రిజిస్టర్‌లో ఎక్కిస్తాను. ఎక్కిస్తేనే సమాధుల తోటలో చోటు, లేకపోతే లేదు. అందుకని ఆ సాయంత్రమే వాళ్ల వరండాలో పెద్దల మీటింగు పెట్టవలసి వచ్చింది. శవం లోపల ఐసు మీద ఉంది. బయట మేం అయిదుగురం, ప్లాస్టిక్ కుర్చీల్లో.

ఒక పెద్దమనిషి "పద్నాలుగేళ్లు రానివాడు ఆటోలో వచ్చాడా?" అన్నాడు. ఇంకొకాయన ఆయన్ని ఊరుకోమన్నాడు. అయ్యగారు నావైపు చూశారు. అడగవలసిన ప్రశ్న నా ఫారంలోనే ఉంది మరి. అడిగాను.

"నీళ్లు పోసినప్పుడు ప్రాణం ఉందా, సిస్టర్ గారూ?"

"ఉంది."

"ఒప్పుకున్నారా ఆయన?"

"తల ఊపేరు."

"ఇంకేం కావాలండీ? నర్సు చెప్పాక ఇంకెవరు చెప్పాలి?" అన్నారు అయ్యగారు. నేను రాసేశాను. నా చేతి రాత బాగుంటుందని అందరూ అంటారు, ఆ పేజీలో కూడా బాగానే ఉంది.

మర్నాడు తెల్లారేసరికి తల్లీ, అన్నా పలాస నుంచి రైల్లో వచ్చారు. ముసలావిడ ఏడవలేదు. కొడుకు మొహం తడుముకుని, కోడలి వైపు తిరిగి నిలబడింది. "నా కొడుకుని మట్టిల ఎడతావా? మా ఇంట్ల ఎవుల్నీ అలాగ ఎట్టనేదే. కాల్సనీవే. నీ కాళ్లు ఒట్టుకుంతాను, కాల్సనీ" అంది. నిజంగానే వంగబోయింది. సిస్టర్ గారు ఆవిడ భుజాలు పట్టుకుని ఆపి, "ఆయన బాప్తిస్మం తీసుకున్నారు అత్తా. ఇప్పుడు మావాడు" అంది. ఆ "మావాడు" అన్న మాట నాకు చెవిలో గుచ్చుకుంది. అన్నగారు గొడవకి దిగబోయాడు గానీ ముసలావిడే వద్దంది. భూస్థాపనకి వాళ్లు రాలేదు. సాయంత్రం రైలుకి వెళ్లిపోయారు, మళ్లీ రాకపోకలు లేవు.

తరవాత పదిహేనేళ్లు ఆవిడ గురించి చెప్పుకోదగ్గ సంగతేం లేదు. ఆవిడ ఆదివారం షేర్ ఆటోలో వచ్చేది, నాడి చూసేది, చాయ్ పెట్టేది. సంఘంలో ఎవరింట్లోనైనా ఆడవాళ్లు పోతే స్నానం చేయించి, చీర కట్టి, జుట్టు దువ్వేది. దువ్వేటప్పుడు కూడా "అరే, ఇటు తిరగమ్మా, బస్, ఐపోయింది" అని మాట్లాడుతూనే ఉండేది. చూసేవాళ్లకి భయం వేసేది. మా ఆవిడ "శవంతో మాటలేంటండీ ఈవిడకి" అనేది. ఐదేళ్ల తరవాత మా ఆవిడకీ ఆవిడే జుట్టు దువ్వింది. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి ఆ మాటలన్నీ విన్నాను. భయం వెయ్యలేదు.

కరోనాకి ముందు సంవత్సరం నా ఎడమ పాదానికి షుగరు పుండు లేచింది. రెండు నెలలు రోజూ కట్టు మార్చాలన్నారు. సిస్టర్ గారికి అప్పటికే డెబ్భై దగ్గర. మందిర్ హసౌద్‌లో తన అక్క కూతురి దగ్గర ఉండేది. అక్కణ్ణుంచి రోజూ బస్సెక్కి వచ్చేది. వద్దమ్మా, ఎవరినైనా పెట్టుకుంటానంటే వినేది కాదు. పీట వేసుకుని, నా పాదం తన ఒళ్లో పెట్టుకుని, అయొడిన్ మందుతో పుండు తుడిచేది. నేను పళ్లు బిగించి గోడ మీద క్యాలెండరు చూసేవాణ్ణి.

అలా ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది.

"సెక్రటరీ గారూ, ఆ రోజు నాడి లేదండి."

"ఏ రోజు?"

"మా ఆయన పోయిన రోజు. నేను నీళ్లు పోసేటప్పటికి నాడి లేదు. మీరు అడిగేరు, నేను ఉందన్నాను. లేదు."

నా కాలు తన ఒళ్లోనే ఉంది. లాక్కోలేను, లేవలేను. వింటూ ఉండిపోయాను.

"అలా వాలిపోయేరు. వాలిపోతే నేనేం చేస్తాను? ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నదే చేసేను. చెయ్యి దానంతటది మణికట్టు మీదికి వెళ్లిపోయింది. లేదు. మెడ దగ్గర చూసేను. లేదు. చూడకుండా నీళ్లు పోసేసుంటే సరిపోను, నాకు తెలిసుండేది కాదు. ఈ పాడు చెయ్యి చూసేసింది. సరే, గుండె మీద నొక్కడం మొదలెట్టేను. ఆటోలో చోటేదండీ? ముందు ట్రక్కు, వెనక ట్రక్కు. ఆటోవాడు 'దీదీ, రోనా మత్' అంటున్నాడు. నేను ఏడవట్లేదు, ముప్ఫై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి నొక్కుతున్నాను. అప్పుడు బుర్రలో ఒకటే మాట. ఈయన ఇలాగే పోతే ఇంక నాకు కనపడరు. ఇక్కడా కనపడరు, అక్కడా కనపడరు. నీళ్ల సీసా సంచిలో ఉంది. మూత తియ్యాలంటే రెండు చేతులూ కావాలి కదా. గుండె మీంచి చేతులు తీసేసేను."

ఆగి, కొత్త దూది తీసుకుంది.

"నర్సు తియ్యకూడదండి. డాక్టరు వచ్చి చాలు అనేదాకా తియ్యకూడదు. నేను తీసేసేను."

"మరి తల ఊపారన్నారు?"

"ఆటో ఎక్కేముందు ఊపేరు. ప్రభువుని నమ్ముతారా అనడిగితే ఊపేరు. ఔనన్నారో, నొప్పికి ఊపేరో, నన్ను నోరు మూసుకోమన్నారో. నాకు తెలీదు."

నేనన్న మాట చెప్పుకుంటే సిగ్గు. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? ఐపోయిందేదో ఐపోయింది" అన్నాను. ఒక మనిషి పదిహేనేళ్లు మోసిన బరువు నా ముందు దింపితే నేనన్న మాట అది.

"మీకు ఐపోయింది. ఆయనకి ఐపోయిందా లేదా అన్నదే నా బాధ" అంది. కోపం లేదు గొంతులో. "వాళ్లమ్మ కాళ్లు పట్టుకుంటానంది. లేని నాడి ఉందని చెప్పి కొడుకుని లాక్కున్నాను. పోయాక పోసిన నీళ్లు కూడా అందుతాయంటే సరే, నేను అబద్ధం ఆడినా ఆయన బాగుంటారు. అందవంటే? ఆవిడకీ కాకుండా, ప్రభువుకీ కాకుండా నేనే ఆయన్ని మధ్యలో పడేసినట్టు. అదొక్కటి మీరు అయ్యగారిని అడగాలి. ఎవరిదో సంగతన్నట్టు అడగండి. నేను బతికుండగా నా పేరు తేకండి. పోయాక మీ ఇష్టం."

కట్టు బిగించి, కాలు తడవకూడదని పాత పాట మళ్లీ చెప్పి, బస్సుకి వేళయిందని వెళ్లిపోయింది. చాయ్ సంగతి నాకు అప్పటికి బోధపడింది. ఇన్నేళ్లూ ఆవిణ్ణి చూసి విసుక్కున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ గురువారం అయ్యగారు నన్ను చూడ్డానికి వచ్చారు. ఈయన నాలుగో ఆయన, తుని వైపు మనిషి, వయసు నలభై లోపు. మంచివాడే. అడిగాను. ప్రాణం పోయిన రెండు నిమిషాలకి బాప్తిస్మం ఇస్తే అది అందుతుందా అండీ అని. ఆయన నవ్వేస్తారనుకున్నాను, నవ్వలేదు. బైబిల్లో, పోయాక నరకంలో పడ్డ ధనవంతుడికీ పరలోకంలో ఉన్న బీద లాజరుకీ నడుమ ఉన్న అగాధం సంగతి ఎత్తారు. అటువాళ్లు ఇటు రాలేరు, ఇటువాళ్లు అటు పోలేరు.

"ప్రభువు చెరలో ఉన్న ఆత్మల దగ్గరికి వెళ్లి ప్రకటించాడని కూడా ఉంది కదండీ. వాళ్లు చచ్చినవాళ్లే కదా?" అన్నాను. పాతికేళ్లు వెనక బెంచీలో కూర్చుని విన్నవాణ్ణి, నాకూ నాలుగు ముక్కలు వచ్చు.

"అది చాలా కష్టమైన వచనం సెక్రటరీ గారూ. పెద్దపెద్దవాళ్లే తేల్చలేదు." కాసేపు తన చెప్పుల వైపు చూసుకున్నారు. "నేను ఔనని చెప్పలేనండి. ఔనంటే రేపు బతికున్నవాళ్లకి ఏం చెప్పను? అందరూ వచ్చే ఈస్టరుకి చూద్దాం అంటారు."

ఆయనకి తెలీకుండానే ఆ మాట అన్నారు.

మర్నాడు సిస్టర్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అబద్ధం చెబుదామా అని రాత్రంతా ఆలోచించాను గానీ, అబద్ధాలతో ఆవిడ పడుతున్నది చాలు. అగాధం అంటున్నారమ్మా అన్నాను. కష్టమైన వచనం ఒకటి మాత్రం ఉందట అన్నాను.

"ఒకటుందా?"

"ఒకటుంది. తేలలేదట."

"తేలలేదంటే లేదని కాదు కదండీ" అంది. పుండు తుడిచే చెయ్యి కాసేపు ఆగిపోయింది. తరవాత "ఠీక్ హై" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

పై నెల ఆవిడ వారం రోజులు కట్టు కట్టడానికి రాలేదు. వచ్చాక చెప్పింది, అత్తగారి ఊరు వెళ్లిందట. ఒంటరిగా రైలెక్కి, పలాసలో దిగి, ఆటో మాట్లాడుకుని. తొంభై దగ్గర పడిన ముసలావిడ, కళ్లు సరిగ్గా ఆనవు, అరుగు మీద కూర్చుని ఉందట. ఈవిడ వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది. నాడి లేదనీ, అబద్ధమాడాననీ.

"తిట్టేరా?" అన్నాను.

"తిడితే బాగుండును. 'నీల్లు నోట్ల పడ్డాయా?' అనడిగింది. నాకు అర్థం కాలేదు. మేం తల మీద పోస్తాం కదా. తల మీద పోసేను అత్తా అన్నాను. 'తల మీద కాదే, నోట్ల. నోట్ల పడ్డాయా నేదా?' అంది. వాళ్లలో పోయేటప్పుడు నోట్లో తులసి నీళ్లు పోస్తారు కదండీ, అదీ ఆవిడ అడిగేది. జారి పెదాల మీద రెండు చుక్కలు పడ్డాయి అన్నాను. పడ్డాయండి, నేనే తుడిచేను. 'అయితే ఊరుకో' అంది. నా తల మీద చెయ్యేసింది."

సిస్టర్ గారు ఏడవడం నేను అప్పుడు చూశాను. అంతకు ముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. ఏడుస్తూనే కత్తెరతో గాజుగుడ్డ తిన్నగా కత్తిరిస్తోంది.

"వచ్చేటప్పుడు మళ్లీ అడిగేను. మా ప్రభువు తీసుకుంటాడో లేదో తెలీదు అత్తా, నీకూ లేకుండా చేసేను, నన్ను క్షమించు అన్నాను. ఆవిడేమందో తెలుసా? 'మీ దేవుడు ఒద్దంతే నా కాడికి తోలీమను. నానింకా సావనేదు కదా, దారి సూత్తుంటాను' అంది."

సిస్టర్ గారు ముక్కు చీదుకుని, "కాలు కదపకండి" అంది.

ఆ ముసలావిడ రెండో ఏడు పోయింది. కబురు వస్తే సిస్టర్ గారు మళ్లీ వెళ్లి వచ్చింది. ఆ తరవాత నా దగ్గర ఆ ప్రశ్న ఎత్తలేదు. చాయ్‌కి లేవడం మాత్రం మానలేదు. ఈ ఏడు ఎండలు ముదిరాక ఆవిడకి జ్వరం పట్టుకుంది, మూడు రోజులకే పోయింది. అక్క కూతురు ఫోన్లో "నిద్రలోనే, అంకుల్" అంది. ఆయన పక్కన ఖాళీ ఉంచిన చోటులోనే పెట్టి వచ్చాం. సమాధుల తోటలో నేను మట్టి వెయ్యడానికి వంగితే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

మూడో రోజు హాల్లో ఆదరణ కూడిక. నేను ముందు కుర్చీలో కూర్చున్నాను. పలాస నుంచి ఆయన అన్నగారి కొడుకు వచ్చాడు, నలభై ఐదేళ్ల మనిషి. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచేచోట, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల నాయనమ్మ ఇప్పుడు లేదు, అయినా పిన్ని కోసం అంత దూరం నుంచి వచ్చాడు, కూర్చోమంటే పర్లేదండీ అన్నాడు.

కీర్తనలయ్యాయి. అయ్యగారు ఆవిడ సేవ గురించి బాగా చెప్పారు. చెబుతూ చెబుతూ, అలవాటే కదా, అక్కడికే వచ్చారు. "ఈ సహోదరి ఊపిరి ఉండగా ప్రభువుని ఎరిగింది. ఊపిరి పోయాక ఇక అవకాశం లేదు. ఈ రోజు ఇక్కడ నిలబడినవారిలో ఎవరైనా..." గుమ్మంలో ఉన్న ఆ మనిషి తల దించుకున్నాడు.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలీదు, నా జీవితంలో అయ్యగారి మాటకి అడ్డం వెళ్లలేదు. కర్ర చేతికి దొరకలేదు, కూర్చున్న కుర్చీనే పట్టుకుని నిలబడ్డాను.

"అయ్యగారూ, ఈ ఒక్క రోజూ ఆ మాట వద్దండి."

మాట తడబడుతున్నా చెప్పేశాను. "వాళ్లాయనకి నీళ్లు పోసేటప్పటికి నాడి లేదు. ఆవిడే నాతో చెప్పింది, తను పోయాక నా ఇష్టమంది. ఉందని రాసింది నేను. పద్ధతి ప్రకారం ఆయనకి మన తోటలో చోటు లేదు. కానీ మొన్న మనమందరం వెళ్లి, ఆయన పక్కనే ఆవిణ్ణి పెట్టి వచ్చాం. ఒక చెయ్యి దూరం కూడా లేదు ఇద్దరికీ మధ్య. ఇప్పుడు మీరు చెప్పండి, ఆ ఇద్దరి నడుమ అగాధం ఉందని. ఉందంటే ఉందనే వింటాను. కానీ మనకి తెలుసా అండీ? నిజంగా తెలుసా?"

అయ్యగారు నన్నే చూస్తూ నిలబడిపోయారు. ఆ గురువారం నేను అడిగింది ఎవరి సంగతో ఆయనకి అప్పుడు తెలిసింది. ముందు వరసలో ఒక పెద్దమనిషి ఏదో అనబోతే చేత్తో వారించారు. గ్రంథం మూసి బల్ల మీద పెట్టి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

మా సంఘంలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం. మిగిలినవాళ్ల ఆదరణ కోసమే చేస్తాం. ఆయన కూడా అలాగే మొదలుపెట్టారు. సిస్టర్ గారిని మాకు ఇచ్చినందుకు స్తోత్రం అన్నారు. ఆవిడ బంధువుల్ని ఓదార్చమన్నారు. తరవాత ఆగారు. ముగించేస్తారనుకున్నాను. ఆయన ఆవిడ భర్త పేరు పలికారు.

"ఆయన్ని కూడా, ప్రభువా..." అన్నారు.

ఆ పైన మాట రాలేదు. ఏమనాలో ఆయనకి తెలీలేదు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ అలాగే నిలబడ్డారు. వెనక జంపఖానా మీంచి ఎవరో ఒక ఆడమనిషి "ఆమేన్" అంది. ఆవిడ వెంట ఇంకొకావిడ, తరవాత ఆడవాళ్లందరూ అన్నారు. మగవాళ్లం కాస్త ఆలస్యంగా అన్నాం.